హెడ్‌ఫోను ఆంప్లిఫయరులో గుయ్‌మనే మోత: కారణాలు, సరిచేసే క్రమం

సెల్‌ఫోను, రేడియో, టీవీ వంటి వాటి నుంచి వచ్చే బలహీనమైన ధ్వని సంకేతాన్ని హెడ్‌ఫోనుకు సరిపడేంతగా పెంచే చిన్న పరికరమే హెడ్‌ఫోను ఆంప్లిఫయరు. ఐ.టి.ఐ., డిప్లొమా విద్యార్థులు స్వయంగా తయారుచేసుకోదగిన వాటిలో ఇది తేలికైనది. వినికిడి తగ్గిన పెద్దలు ఇంట్లో ఇతరులకు ఇబ్బంది లేకుండా టీవీ వినడానికి కూడా ఉపకరిస్తుంది.

బ్యాటరీ మీద చక్కగా పలికిన ఆంప్లిఫయరు ఇంటి కరెంటుకు తగిలించగానే గుయ్‌మనడం సర్వసాధారణం. అప్పుడు ఐ.సి. చెడిపోయిందని తలచి దాన్ని మారుస్తారు. మోత మాత్రం తగ్గదు. పావగడ తాలూకా పల్లెల వంటి, వోల్టేజి నిలకడ లేని చోట్ల ముందుగా అనుమానించవలసినది ఐ.సి.ని కాదు, దానికి కరెంటు అందించే పవర్ సప్లై భాగాన్ని.

నిర్మాణం

విద్యార్థులు ఎక్కువగా వాడే ఐ.సి. ఎల్.ఎం. 386. దీనికి 9 వోల్టుల డి.సి. చాలు. 1990ల చివర చూ మోయ్ అనే ఔత్సాహికుడు రూపొందించి, తరువాత "సీమోయ్" పేరుతో ప్రసిద్ధమైన హెడ్‌ఫోను ఆంప్లిఫయరు కూడా 9 వోల్టుల బ్యాటరీతోనే పనిచేస్తుంది. ఇంటి కరెంటుతో నడపాలంటే నాలుగు అంచెలు కావాలి: 230 వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు, ఎ.సి.ని డి.సి.గా మార్చే నాలుగు 1ఎన్ 4007 డయోడ్లు, హెచ్చుతగ్గులను నింపే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు, 9 వోల్టుల వద్ద నిలిపి ఉంచే 7809 రెగ్యులేటరు. విడిభాగాలు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో దొరుకుతాయి.

మొదటి పరీక్ష: బ్యాటరీ

పవర్ సప్లైని పూర్తిగా విడదీసి, కొత్త 9 వోల్టుల బ్యాటరీ తగిలించి వినాలి. మోత మాయమైతే ఆంప్లిఫయరు మంచిదే. దోషం పవర్ సప్లైలోనో, ఎర్తింగులోనో ఉన్నట్లు. మోత అలాగే ఉంటే ఇన్‌పుట్ తీగలను, టంకం వేసిన చోట్లను చూడాలి.

రెండవ పరీక్ష వాల్యూమ్ కంట్రోలుతో చేయాలి. వాల్యూమ్ పెంచితే మోత పెరిగి, తగ్గిస్తే తగ్గినట్లయితే అది కంట్రోలుకు ముందున్న తీగల ద్వారా ప్రవేశిస్తున్నది. సున్నాకు తిప్పినా మోత మారకపోతే అది పవర్ సప్లై నుంచి గాని, కంట్రోలు తరువాతి భాగం నుంచి గాని వస్తున్నది. ఈ రెండు పరీక్షలకు అయిదు నిమిషాలు చాలు. ఇవి చేయకుండా ఏ భాగాన్నీ విప్పరాదు.

సాయంకాలం పెరిగే మోత

పగలు నిశ్శబ్దంగా ఉండి సాయంకాలం మాత్రమే గుయ్‌మనే ఆంప్లిఫయరులో భాగాలన్నీ మంచివే కావచ్చు. కారణం లెక్కలో ఉంటుంది.

7809 రెగ్యులేటరు 9 వోల్టులు ఇవ్వాలంటే దానికి కనీసం 11 వోల్టులు అందాలి. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు వాడితే, ఇంట్లో 230 వోల్టులు ఉన్నప్పుడు కెపాసిటరు వద్ద దాదాపు 12.7 వోల్టులు రావాలి. అందులో డయోడ్లు 1.4 వోల్టులు తీసుకోగా మిగిలేది 11.3. అంటే సరిగ్గా అంచున ఉన్నట్లు. దీపాలు పెట్టే వేళ ఇంటి వోల్టేజి 180కి పడిపోతే మిగిలేది 8.6 వోల్టులే. అప్పుడు రెగ్యులేటరు చేతులెత్తేస్తుంది. ఎ.సి. నుంచి మిగిలిన హెచ్చుతగ్గులు నేరుగా ఐ.సి.కి చేరి, సెకనుకు 100 సార్లు కంపించే మోతగా వినిపిస్తాయి.

పరిష్కారం సులభం. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు తీసి 12 వోల్టులది పెట్టాలి. అప్పుడు 180 వోల్టుల వద్ద కూడా రెగ్యులేటరుకు 11.9 వోల్టులు అందుతాయి. అయితే రాత్రి పొద్దుపోయాక వోల్టేజి 260కి పెరిగితే కెపాసిటరు మీద 17.8 వోల్టులు పడతాయి. అందుచేత 16 వోల్టుల కెపాసిటరు పనికిరాదు, 25 వోల్టులది వాడాలి. ట్రాన్స్‌ఫార్మరు మార్చి కెపాసిటరును మరచినవారికి అది ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది.

తాలూకాలోని తిరుమణి పరిసరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉండగా పల్లెలో వోల్టేజి ఎందుకు పడుతుందని పిల్లలు అడగడం సహజమే. పార్కులో పుట్టిన విద్యుత్తు పెద్ద లైన్ల ద్వారా గ్రిడ్డుకు చేరుతుంది. ఇంటి వోల్టేజిని ప్రధానంగా నిర్ణయించేవి ఊరి ట్రాన్స్‌ఫార్మరు, అంటే పల్లెల్లో టీసీ అని పిలిచేది, అక్కడి నుంచి ఇంటి దాకా ఉన్న తీగ పొడవు, దాని మీద పడే భారం. తీగ చివరనున్న ఇళ్లకు, ఒకేసారి ఎక్కువ మోటార్లు తిరిగే వేళ, తక్కువ వోల్టేజి అందుతుంది.

డయోడ్లు, కెపాసిటర్లు

వేళతో సంబంధం లేకుండా ఎప్పుడూ మోత ఉంటే విడిభాగాలను చూడాలి. నాలుగు డయోడ్లలో ఒకటి తెగిపోతే మోత సెకనుకు 50 కంపనాలకు దిగి, మరింత బొంగురుగా వినిపిస్తుంది. ప్లగ్గు తీసి, కెపాసిటరులోని విద్యుత్తు తరిగే వరకు ఆగి, మల్టీమీటరుతో ఒక్కొక్క డయోడును పరీక్షించాలి. పైభాగం ఉబ్బిన కెపాసిటరును మార్చాలి. ఎల్.ఎం. 386లో ఏడవ కాలుకు, నెగటివుకు మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెడితే పవర్ సప్లై నుంచి వచ్చే మోత బాగా తగ్గుతుంది. చాలామంది అవసరం లేదని వదిలేసే భాగం ఇదే.

నెగటివ్ తీగలను కలిపే పద్ధతి

ఇన్‌పుట్, అవుట్‌పుట్, పవర్ సప్లైల నెగటివ్ తీగలన్నిటినీ పెద్ద కెపాసిటరు నెగటివ్ కాలు వద్ద ఒకే చోట కలపాలి. గొలుసులా ఒకదాని నుంచి మరొకదానికి లాగితే ఒకదాని మోత ఇంకొకదానిలోకి పాకుతుంది. ఇన్‌పుట్‌కు షీల్డు తీగ వాడి, ట్రాన్స్‌ఫార్మరుకు వీలైనంత దూరంగా ఉంచాలి. బ్యాటరీ మీద నడుస్తుండగా వాల్యూమ్ కంట్రోలు లోహపు తొడుగును వేలితో తాకితే మోత తగ్గినట్లయితే, ఆ తొడుగును కూడా నెగటివుకు కలపాలి.

సెల్‌ఫోను చార్జింగులో ఉన్నప్పుడే మోత వస్తే దోషం చార్జరుది. చార్జరు తీసి వినాలి. చార్జింగులో ఉన్న ఫోనుకు హెడ్‌ఫోను తగిలించకపోవడం భద్రత రీత్యా కూడా మంచిది.

బయటి నుంచి వచ్చే శబ్దాలు

సెకనుకు ఒకసారి చొప్పున టిక్ టిక్‌మని క్రమం తప్పక వినిపిస్తే సమీపంలోని సోలార్ కంచె కారణం కావచ్చు. అడవిపందుల నుంచి పైరును కాపాడే ఆ కంచెలో విద్యుత్తు విడివిడి తాకిడులుగా ప్రవహిస్తుంది. ఒక్కసారి టప్‌మని ఆగిపోతే బోరు మోటారు స్టార్టరు పడినట్లు. కాల్ రావడానికి ముందు బుర్రుమంటే అది సెల్‌ఫోను తరంగాల ప్రభావం. ఫోనును దూరంగా పెడితే చాలు. సర్క్యూటును లోహపు పెట్టెలో బిగించి, పెట్టెను నెగటివుకు కలిపితే ఇలాంటివి చాలావరకు తగ్గుతాయి.

సన్నని బుస మాత్రమే వినిపిస్తే అది మోత కాదు, అవసరానికి మించిన వృద్ధి. ఎల్.ఎం. 386 ఒకటవ, ఎనిమిదవ కాళ్ల మధ్య కెపాసిటరు ఉంటే వృద్ధి 200 రెట్లు అవుతుంది. హెడ్‌ఫోనుకు 20 రెట్లే ఎక్కువ. ఆ కెపాసిటరు తీసివేయాలి.

ప్రాణభద్రత

హెడ్‌ఫోను తలకు తగిలి ఉండే వస్తువు. పవర్ సప్లైలో పొరపాటు జరిగితే దెబ్బ నేరుగా తలకే. కాబట్టి కింది నియమాలు తప్పనిసరి.

1. ట్రాన్స్‌ఫార్మరు లేకుండా కెపాసిటరుతో వోల్టేజి తగ్గించే చవక సర్క్యూటును హెడ్‌ఫోనుకు ఎన్నడూ వాడరాదు. అందులో ఇంటి కరెంటుకు, చెవికి మధ్య అడ్డు ఉండదు.

2. మోత తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు తీగను తెంచరాదు. మోత పోవచ్చు, రక్షణ కూడా పోతుంది.

3. వేసవిలో ఎర్తు గుంట ఎండిపోతుంది. అప్పుడప్పుడు నీరు పోసి తడిగా ఉంచాలి.

4. బల్బులు ఒక్కసారిగా మిరుమిట్లు గొలిపితే లైనులో న్యూట్రల్ తెగి ఉండవచ్చు. అప్పుడు ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. వెంటనే మెయిన్ ఆపి, బెస్కాం వారికి 1912 నంబరులో తెలియజేయాలి.

5. మొదటిసారి హెడ్‌ఫోను తగిలించే ముందు అవుట్‌పుట్ జాక్ వద్ద డి.సి. వోల్టేజి కొలవాలి. అది సున్నాకు దగ్గరగా ఉండాలి. లేకుంటే అవుట్‌పుట్ కెపాసిటరు చెడినట్లు.

6. ఇంటి కరెంటు తగిలి ఉన్న భాగాన్ని పిల్లలు ఒంటరిగా విప్పరాదు.

ట్రాన్స్‌ఫార్మరు పనిలో అనుభవం లేనివారు బ్యాటరీతోనే నడుపుకోవడం అన్నిటికన్నా క్షేమం. బ్యాటరీకి వోల్టేజి పడిపోయే సాయంకాలం లేదు, మోత లేదు, కరెంటు పోయిన వేళ కూడా పాట ఆగదు.