కంచ అనే మాట చరిత్ర

అడవుల చరిత్ర అనగానే మన వ్యాసకర్తల కలం రంపకో, జోడేఘాటుకో పరుగెత్తుతుంది. అది సహజమే. రిజర్వు గీతలు గీసిన అధికారులూ, వాటిని చెరపబూనిన గిరిజనులూ అక్కడ ముఖాముఖి కనిపిస్తారు. గాని హైదరాబాదు నగరం తన పక్కనే వున్న అడవిని ఏం చేసిందన్న ప్రశ్న మన చర్చల్లోకి అంతగా రాలేదు. టేకు మానులు లేక, గుండ్రాళ్లూ ముళ్లపొదలూ గడ్డీ మాత్రమే వుండడంచేత దానిని అడవి అనడానికి మనకు నోరు రాలేదు కాబోలు!

ఆ నేలకు ప్రజలు పెట్టుకున్న పేరు కంచ. కోస్తావారికి కంచె అంటే చేని చుట్టూ వేసే ముళ్లకంప. తెలంగాణలో కంచ అంటే దున్నకుండా మేతకు వదిలిన నేల. గొర్రెలను తోలుకుపోయే చోటు, వంటచెరకు ఏరుకునే చోటు. కంచ గచ్చిబౌలి 25వ సర్వే నంబరు భూమికి రెవెన్యూ రికార్డులో వున్న పేరు "కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ". ఈ నాలుగు మాటల్లో భూస్వామ్య రాజ్యపు భూనీతి అంతా వుంది. అస్తబల్ అంటే గుర్రపుశాల. పోరంబోకు అంటే శిస్తు లెక్కకు వెలుపలిది. సర్కారీ అంటే వేరే చెప్పనక్కరలేదు. ప్రభువు గుర్రానికి రికార్డులో చోటు దొరికింది, గొల్లవాని మేకకు దొరకలేదు. బుల్డోజరు రావడానికి ఎంతో ముందే, ఆ రాతతోనే, హక్కు పోయింది.

వేటనేలల గతి వేరు. నిజాం వేటాడిన వనస్థలి 1975లో జింకల వనమయింది. జూబ్లీహిల్సులో చిరాన్ ప్యాలెస్ వున్న గుట్ట 1998లో జాతీయ వనమయింది. బంజారాహిల్సులో బంజారాల పేరు తప్ప వారికి మిగిలినదేమిటో ఆ వీధుల్లో నడిచినవారికి తెలుసు. విలాసానికి వున్న నేలకు దొరికినంత సులభంగా మేతనేలకు రక్షణ దొరకలేదు.

1973 ఆరుసూత్రాల పథకం ఫలితంగా 1974లో కేంద్ర విశ్వవిద్యాలయం ఏర్పడి, 2,300 ఎకరాలకు పైగా దానికి అప్పగింపబడింది. హక్కుపత్రం మాత్రం చేతికి రాలేదు. చదువుల సంస్థ కనుక దీనిని ఆక్షేపించడం మనబోటివారికి కష్టం. అయినా ప్రహరీ లేచిన నాడు మేతనేల ముగిసిందని ఒప్పుకోవలసి వుంది. అనాదిగా వున్నదని మనం మురిసే యీ అడవిలో కొంత భాగం కాపరి వెళ్లిపోయిన తరువాత దట్టమైనదేనని నా అభిప్రాయం.

1998లో సైబర్ టవర్స్ వెలిసిన తరువాత నేలకు విలువ కట్టే చూపే మారిపోయింది. 2003లో ఐఎంజి భారత అనే క్రీడాసంస్థకు 400 ఎకరాలు ఇవ్వడానికి ఒప్పందం జరిగింది. 2006లో వేరొక ప్రభుత్వం దానిని రద్దుచేసింది. వ్యాజ్యం 2024 దాకా సాగింది. కాగితాలు కోర్టులో మగ్గుతూ వుండగా చెట్లు పెరిగాయి! ఈలోగా, 2023 ఆగస్టులో, కోకాపేట వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. ఇక 400 ఎకరాల పొద ఏ ప్రభుత్వం కంటికి పొదలాగా కనిపిస్తుంది?

2025 మార్చి 30న, ఉగాది నాడు, యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, నిర్బంధానికి గురయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేసరికి సుమారు 100 ఎకరాలు చదునయ్యాయి. రికార్డులో యిది అడవి కాదు గదా అన్నది ప్రభుత్వ వాదం. నిజమే, రికార్డు రాసినవాడు గుర్రాలవాడు! 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, యాజమాన్యం ఎవరిదైనా సరే, అడవి అన్న మాటకు నిఘంటువులోని అర్థమే వర్తిస్తుందని చెప్పింది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు నిఘంటువు కోర్టులో సాక్ష్యం చెప్పడం సంతోషమే. గాని నిఘంటువు చెట్టును గుర్తిస్తుంది, దాని కింద మేసిన మందను గుర్తించదు. విద్యార్థుల పోరాటంలో నెమళ్లూ జింకలూ ముందుకు వచ్చాయి, రావలసిందే. కంచ అని పేరుపెట్టిన కాపరుల మనుమలు యిప్పుడు ఎక్కడున్నారు? ఆ అద్దాల భవనాల ముందు కావలి కాస్తున్నారా, వాటి మెట్లు తుడుస్తున్నారా? చుట్టుపక్కల వూళ్లలో ముసలివాళ్లు యింకా వున్నారు. ఈ సెలవుల్లో మన విద్యార్థులు ఒక నోటుపుస్తకం పట్టుకుని వారి దగ్గరకు వెళ్లవచ్చు.