చిరుత తిరిగే కొండ వారన

నెగడు దగ్గరికి జరగండి పిల్లోళ్ళారా. చిరుతపులి ముచ్చట అడిగితిరి గదా, చెప్తా ఇనండి.

మన చాపాడుకు కేసీ కాలవ నీళ్ళొచ్చాయి గాబట్టి ఈడ పైర్లకు కొదవ ల్యాదు. తూర్పున మైదుకూరు దాటితే నల్లమల, ఇంకా దిగువకు పోతే లంకమల. కోతలయినాక జీవాలోళ్ళు మన చేన్లలో మంద కట్టేటోళ్ళు. ఎరువు మనకు, మేత వాళ్ళకు. ఈడ మేత అయిపోతే మందల్ని కొండ వారకు తోలుకపోతాండ్రి. ఆడ చిరుత భయం.

చిరుత పొద్దుగూకినాకనే వచ్చాండ్య. కంపలో నక్కి, అంచున పండుకున్న మ్యాకను గొంతు పట్టి గుట్టకు ఈడ్చుకపోతాండ్య. కష్టపడి సాకిన జీవం పోతే ఎవురికైనా కడుపు మండుతాది. అయినా పెద్దోళ్ళు మాకు చెప్పింది ఒకటే. చిరుతను ఎతుక్కుంటా పోవద్దు, మందను ఇడిచి నిద్ర పోవద్దు. దొడ్డి చుట్టూ తుమ్మకంప మనిషెత్తు పేర్చాల. మ్యాకపిల్లల్ని గంపల కింద మూయాల. నెగడు ఆరిపోకూడదు. గట్టి కుక్కలుండాల, మనుషులు వంతులేసుకొని మేలుకోవాల. ఈ పనులన్నీ చేసిన మందలో నష్టం తక్కువ. బద్దకించిన మందనే చిరుత మరిగేది.

తెల్లోళ్ళ కాలంలో మద్రాసు సర్కారు పులినీ, చిరుతనూ, రేచుకుక్కనూ చంపి తెచ్చినోళ్ళకు ఇనాం ఇస్తాండ్య. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినాక ఆ లెక్క తిరగబడె. ఇప్పుడు చిరుతను చంపితే జైలే. మనుషుల మీద పడేదాన్ని ఏం చేయాల్నో తేల్చే అధికారం రాష్ట్రంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. లంకమలలో 1986లో కలివికోడి మళ్ళీ కనపడె. అంతకుముందు అది అంతరించిపోయిందనుకున్న పిట్ట. దానికోసరం 1988లో ఆ కొండను అభయారణ్యం చేసిరి. ఆ పిట్ట పేరు మీద చిరుతకూ నీడ దొరికె.

చిరుత జింకనూ, కోతినీ, పందిపిల్లనూ తింటాది. ఆ నోరు ల్యాకుండా చేసుకుంటే పందుల కాపలా అంతా మనమే కాయాల. మీరిప్పుడు పందులకని క్లచ్ వైరు ఉచ్చులు పెడతాండారు, కరెంటు తీగలు లాగతాండారు. ఉచ్చుకు పందేదో చిరుతేదో తెలీదు. తీగకు మనిషి గూడా తెలీదు. ఆ పని మానుకోండి.

"పట్టి యాడన్నా దూరంగా ఇడిసిపెడితే పోలా?" అంటారు. మహారాష్ట్రలో జున్నర్ తట్టు 2001 నుంచి అట్లనే చేసిరి. చిరుతల్ని ఇడిసిన తావుల చుట్టూ మనుషుల మీద పడేది ఎక్కువాయె. విద్యా ఆత్రేయ అనే ఆయమ్మ ఆ సంగతి పరిశోధించి చెప్పింది. తన తావులో దారీ ఎరా తెలిసిన చిరుత మన కండ్లబడకుండా తిరుగుతాది. ఎరగని తావులో పడితే దానికీ దిక్కు తోచదు, మనకూ నిద్ర ఉండదు.

అట్లని మనిషి ప్రాణం చులకన గాదు. 2023 ఆగస్టులో తిరుమలకు పోయే అలిపిరి మెట్లదారిలో ఆరేండ్ల బిడ్డను చిరుత చంపె. ఆ బిడ్డను తలుచుకుంటే ఇప్పటికీ గుండె తరుక్కపోతాది. ఆనక బోన్లు పెట్టి చిరుతల్ని పట్టిరి, నడిచిపోయే భక్తుల చేతికి కర్రలిచ్చిరి, పిల్లోళ్ళను ఆ దారిన పంపేదానికి పొద్దు కట్టుబాటు పెట్టిరి. బోను ఒక్కటే చాలదని, మనిషి నడత గూడా మారాలని తిరుమల కొండ మీద అప్పుడు తెలుసుకునిరి.

రేపు మీ జీవం పోతే కళేబరానికి మందు పూయొద్దు. అది తిని చిరుతతో పాటు కుక్కలూ, గద్దలూ చస్తాయి. కళేబరం కదపకుండా ఫారెస్టోళ్ళకు చెప్పండి, పశువుల డాక్టరును పిలిపించండి, పరిహారం అడగండి. ఆ డబ్బు కాపరికి బిరీన అందాల. ఆలిస్యమైతే కడుపు మండినోడు మందు డబ్బా ఎతుక్కుంటాడు. కొండలో చిరుత ఉండాలంటే కొండ వారన కాపరి నిలబడాల. ఆయప్ప నష్టం ఆయప్ప ఒక్కడిదే అనుకోవద్దు. అది ఊరిదీ, సర్కారుదీ గూడా.