ఎక్కములు

తెలుగునాట వీధిబడులలో బాలురకు లెక్కల యందు వేగమును, తడబడని నిశ్చయమును అలవడుటకై నిత్యము వల్లింపజేయు గుణకార పట్టికలకు ఎక్కములని పేరు. పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితసార సంగ్రహమును తెలుగు పద్యములుగా రచించి, మన భాషలో గణితమునకు ప్రాచీనకాలముననే గ్రంథస్థితి కల్పించెను. కాని పసివారి గణితము తాళపత్రములకంటె నోటనే యెక్కువగా నిలిచినది.

మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో దేశీయ విద్యాస్థితిని గూర్చి కలెక్టర్లను విచారింపగా, తెలుగు వ్యాకరణ నిఘంటువులను రచించి ప్రసిద్ధుడైన బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823లో వ్రాసి పంపిన నివేదికలో ఆ బడులు కన్నులకు గట్టినట్లున్నవి. అనంతపురసీమలో చాలభాగము ఆనాడు బళ్ళారి జిల్లాలోనిదే. జిల్లాలోని 533 బడులలో తెలుగు బడులు 226. ఉదయము ఆరుగంటలకే బడి. మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరును, రెండవవాని చేత సున్నను వ్రాసెడివారు. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవారికి వరుసగా నొక్కొక్కటి యెక్కువ.

కూడిక పట్టికను, నూరువరకు అంకెలను నేర్చి, రూకల కూడికలు, తీసివేతలు, హెచ్చవేతలు చేయు బాలునికి భిన్నములను మిక్కిలి శ్రద్ధతో నేర్పెడివారు. ఈ భిన్నములు పదింట గాక నాల్గింట దిగును: ఒకటిలో నాల్గవ పాలు కాలు, కాలులో కాలు వీసము, వీసములో కాలు కాని. పదునాఱణాల రూపాయిలో అణా వీసమే కావున, అంగడిలో నిలిచిన బాలునికి కాగితముతో పనిలేకుండెను. ఈ భిన్నములను, గుణకారమును, కొలతలను దినమునకు రెండుమారులు బాలురందఱు వరుసలుగా నిలిచి, ముందు చదివిన బాలుడొకడు చెప్పగా ఏకకంఠముగా పలికెడివారు. ముందువారు వెనుకవారికి నేర్పు నీ పద్ధతి ఇంగ్లండులో పొందిన అనుకరణకు తగినదేయని కాంబెల్ మెచ్చుకొనెను.

మందబుద్ధియని పేరుపడిన పిల్లవాడును ఆ గుంపు గొంతులో గొంతు కలిపి దాటిపోగల్గుట యీ పద్ధతి యందలి గొప్ప కరుణ. అయితే ఏడెనిమిదులెంతయని హఠాత్తుగా నడిగిన, ఏడొకట్ల ఏడు మొదలు పెదవులు కదలించుకొనుచు ఏబదియాఱునకు చేరువాడును ఆ గుంపులోనివాడే. క్రమము తప్పించి ప్రశ్నించు పంతులు దొరికిననే వాని వేగము సొంతమగును.

1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలైనది. మఱుసటి యేట మెట్రిక్ తూనికలు ప్రవేశించినవి. నాల్గింట దిగు భిన్నములకు అంగడిలో పని తగ్గగా, బడిలో వాని వల్లెయు సన్నగిల్లినది. గుణకారపు టెక్కములు మాత్రము నిలిచినవి. మాటలాడునపుడు తెలుగువాడు వాడని రెళ్ళు, మూళ్ళు అను బహువచనములు నేటికిని రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆఱు అను పసిపిల్లల నోట వినవచ్చుచున్నవి.