మెడలో కార్డు, రిజిస్టరులో పేరు

బడికి వెళ్లే మన పిల్లల మెడలో ఇప్పుడు గుర్తింపు కార్డు ఉంటోంది. ఫొటో, పేరు, తరగతి, తండ్రి పేరు అంతే. చూడటానికి చిన్నదే. కానీ ఆ పేరు కాగితం మీదికి ఎలా వచ్చిందో మన యువత తెలుసుకోవాలి.

మన గోండు తాతలకు కార్డుతో పని లేదు. ఇంటి పేరు చెబితే చాలు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగల్లో ఎవరు ఏ సగవారో, ఎవరితో వియ్యం కుదురుతుందో తెలిసిపోయేది. ఆ వంశకథలను పర్ధాన్లు కింగ్రి వాయిస్తూ పాడి కాపాడారు. అదే మన రిజిస్టరు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను మన ప్రాంతానికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. మన భాష తెలిసిన పంతులే మన పిల్లల పేర్లు పిలిచాడు.

1950లో షెడ్యూల్డ్ తెగల జాబితా వెలువడింది. అప్పటి నుంచి తెగ పేరుకు చట్టం విలువ వచ్చింది. తర్వాత బడి భాష తెలుగైంది. మన ఇంటి పేర్లు విన్నవారు విన్నట్టు రాశారు. ఒకే ఇంటి పేరు ఒకచోట కొమురం, ఒకచోట కుమ్రం, మరొకచోట కుమ్ర అయింది. పుట్టిన తేదీ కూడా చాలామందికి పంతులు అంచనాగా వేసిందే.

అది చిన్న తప్పు కాదు. కుల ధ్రువీకరణ పత్రాల జారీకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1993లో 16వ చట్టం చేసింది. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు తండ్రి బడి రికార్డును సాక్ష్యంగా తీసుకుంది. తెగ పత్రాలను విచారించేవారు బడి రికార్డులు కూడా చూడాలని చెప్పింది. దొంగ పత్రాలతో మన సీట్లు పోకుండా ఆ తనిఖీ మనకు రక్షణ. మన రికార్డులోనే తప్పుంటే మాత్రం నిజమైన బిడ్డ కూడా ఆఫీసుల చుట్టూ తిరగాలి.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కార్డు చేతికి రాగానే ఇంటి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ చూసుకోండి. బడి రిజిస్టరుతో, అమ్మానాన్నల కాగితాలతో సరిచూడండి. తేడా ఉంటే పదో తరగతి మెమో రాకముందే హెడ్మాస్టరుకు దరఖాస్తు ఇచ్చి సరిచేయించుకోండి. చదువురాని ఇంటి పక్క పిల్లలకూ ఈ సాయం చేయండి.

పర్ధాన్లు పాటలో కాపాడిన పేరును కాగితంలో కాపాడే పని ఇప్పుడు మనది. జై సేవా!