సొంతానికి గీసుకున్న కల్లు

1879 మార్చిలో గోదావరి మన్యంలోని రంప కొండలు భగ్గుమన్నాయి. చోడవరంలో పోలీసులను చుట్టుముట్టారు. ఏప్రిల్‌లో చంద్రయ్య అనే నాయకుడు అడ్డతీగల ఠాణాను తగలబెట్టాడు. గొడవ గొలుగొండ కొండలకు, జూలై నాటికి రేకపల్లి వైపుకు పాకింది. దాన్ని అణచడానికి మద్రాసు ప్రభుత్వం ఆరు కాల్బలం పటాలాలను దించాల్సి వచ్చింది. కారణాలు ఆరా తీయడానికి రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్‌ వెళ్లాడు. పోలీసుల జులుం, పల్లపు ప్రాంతపు షావుకార్లు కోర్టు డిక్రీలతో పంటను, పశువును పట్టుకుపోవడం, ఆ కొండలకు జమీందారు లాంటి రంప మన్సబుదారు దోపిడీ, ఇవన్నీ బయటికొచ్చాయి. వీటన్నిటి నడుమ మాటిమాటికీ వినిపించిన ఫిర్యాదు కల్లుది.

తరతరాలుగా కొండవాళ్లు తమ చెట్లు తాము గీసుకుని, తమ కల్లు తాము తాగేవారు. కొత్త అబ్కారీ నిబంధనలు దానికి అడ్డం పడ్డాయి. ఇంట్లో తాగడానికైనా సరే సొంతంగా కల్లు దించకూడదు. దించే హక్కు గుత్తేదారుది. ఆ గుత్తలు పల్లపు ప్రాంతం నుంచి వచ్చినవాళ్ల చేతికి పోయాయి. ఇది చాలదన్నట్టు మన్సబుదారు ‘చిగురుపన్ను’ పేరుతో తన వాటా తాను గుంజాడు. చెట్టు తనది, ఎక్కేది తను, తాగేది తను. డబ్బు మాత్రం ఇద్దరికి కట్టాలి.

కల్లు కోసం తిరుగుబాటేమిటని పట్నవాసికి అనిపించవచ్చు. మన్యంలో జీలుగు చెట్టును చూసినవాడికి ఆ అనుమానం రాదు. ఎండాకాలంలో కొండ మీద గింజలు అయిపోయి, పోడు ఇంకా పండని రోజుల్లో జీలుగు కల్లే సగం తిండి. పెళ్లికి, పండక్కి, పంచాయితీకి, చావుకి కూడా అది ఉండాల్సిందే. దాని మీద పన్ను వేయడమంటే గంజి మీద పన్ను వేసినట్టే. సల్లివన్‌ నివేదిక తర్వాత మన్సబు రద్దయింది. అతని కింద పల్లెల మీద పెత్తనం చేసే ముఠాదార్లకు వేరువేరుగా సన్నదులు (హక్కు పత్రాలు) ఇచ్చారు. సొంత వాడకపు కల్లు మీద సర్కారు పట్టు కొంత సడలింది. మన దేశంలో ఇంటి తయారీ మత్తుపానీయం కోసం జరిగిన పోరాటాల్లో ఇంత స్పష్టంగా ఫలించినవి అరుదు.

అదే సమయంలో ఇంగ్లండులో ఏం జరిగిందో చూస్తే తమాషాగా ఉంటుంది. 1880లో గ్లాడ్‌స్టన్‌ బడ్జెట్టు మొలకధాన్యం మీద పన్నును ఎత్తేసి, బీరు మీద సుంకం పెట్టింది. దాంతో పెరట్లో బీరు కాచుకునే గృహస్థుకూ లైసెన్సు అంటగట్టింది. రంపలో ఆఖరి తిరుగుబాటుదార్లను వేటాడుతున్న ఏడాదే లండన్‌లో ఈ చట్టం వచ్చింది. రెండూ ఒకే రాణి ఖజానా కోసం చేసిన లెక్కలు. సారాంశమూ ఒకటే: తాగినందుకు ఎవరినీ తప్పుపట్టలేదు, లెక్కకు అందకుండా తాగడమే తప్పయింది. తేడా ఒక్కటే, ఇంగ్లండు గృహస్థు నోరు మూసుకుని లైసెన్సు కట్టాడు. చాలామంది కాచుకోవడమే మానేశారు.

ఆ లైసెన్సు 1963 దాకా ఉంది. ఆర్థికమంత్రి రెజినాల్డ్‌ మాడ్లింగ్‌ దాన్ని కొట్టేశాక ఇంటి బీరు మళ్లీ లేచింది. అయితే ఎనభై ఏళ్ల విరామంలో అమ్మమ్మల పద్ధతులు మరుగున పడ్డాయి. కొత్తతరం ముందున్న నమూనా కంపెనీ బీరే. సౌతాంప్టన్‌లో డేవ్‌ లైన్‌ అనే ఎలక్ట్రికల్‌ ఇంజనీరు 1978లో, దుకాణంలో దొరికే బీర్ల లాంటివే ఇంట్లో కాచుకోవడం నేర్పే పుస్తకం తెచ్చాడు. 1993లో గ్రాహం వీలర్‌, రోజర్‌ ప్రోట్జ్‌ అదే దారిలో ఇంకో పుస్తకం రాశారు. కంపెనీ బీరు చిక్కదనం ఎంత, ఏ హాప్స్‌ వాడతారు, బర్టన్‌ ఊరి నీళ్లలో ఎంత జిప్సం ఉంటుంది అని కూపీ లాగి, అచ్చం అలాంటిదే తీయడం అక్కడ ఒక సరదా విద్య అయింది. సీసా అడుగున పేరుకున్న ఈస్టును దాచుకుని పెంచి, దాంతోనే తర్వాతి విడత పులియబెడతారు. లండన్‌లోని ఫలానా కంపెనీ రుచి ఆ మడ్డిలోనే ఉందని వాళ్ల నమ్మకం. అది ఉత్త నమ్మకం కూడా కాదు.

గోదావరి గీతగాడికి ఆ మడ్డి సంగతి ఎవరూ పుస్తకం రాసి చెప్పనక్కర్లేదు. తెల్లవారకముందే మోకు వేసుకుని తాడిచెట్టెక్కి, గెల కొసను కత్తితో పలచని పొరగా చెక్కుతాడు. సాయంత్రం మళ్లీ ఎక్కి మళ్లీ చెక్కుతాడు. ఆ గాటు ఎండకూడదు, లోతుగా తెగకూడదు. తియ్యటి నీరా కావాలంటే కుండ లోపల సున్నం పూస్తాడు. కల్లు కావాలంటే కుండను మరీ శుభ్రంగా కడగడు. నిన్నటి అడుగు చాలు, ఊరుతూనే పులుపెక్కడం మొదలవుతుంది. పొద్దుటికి నురగ, మధ్యాహ్నానికి మంచి ఘాటు, మర్నాటికి పుల్లగా ముక్కు పగిలే వాసన. ఆల్కహాలు చూస్తే మామూలు ఇంగ్లీషు బీరంతే, నాలుగు నుంచి ఆరు శాతం దాకా. కానీ దీన్ని సీసాకెత్తి మరో ఊరికి పంపడం కష్టం. ఒక రోజు కూడా నిలవ ఉండని సరుకును ఏ కంపెనీ కొంటుంది?

ఇక్కడే డెల్టా కథ మన్యం కథ నుంచి విడిపోయింది. 1886 మద్రాసు అబ్కారీ చట్టం తర్వాత చెట్టుకింత అని పన్ను వేసే పద్ధతి పల్లపు జిల్లాల్లో స్థిరపడింది. గీసే ప్రతి తాడిచెట్టూ ఖాతాలోకెక్కింది. ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని చెరకు పండే నేలలో ఇంకో సరుకూ దొరికింది. నిలవ ఉండేది, కొలవడానికి వీలైనది, తాళం వేసి కాపలా కాయగలిగినది. సామర్లకోటలో దక్కన్‌ షుగర్‌ అండ్‌ అబ్కారీ కంపెనీ చక్కెర శుద్ధి ఫ్యాక్టరీ, సారా బట్టీ పక్కపక్కన నడిపింది. ఆ కంపెనీ వెనుక మద్రాసు పారీ సంస్థ ఉంది. పేరులోనే చక్కెర, అబ్కారీ రెండూ ఉన్నాయంటే దాపరికమేమీ లేదన్నమాట. సర్కారుకు కల్లు కంటే సారా ముద్దు కావడంలో వింతేముంది! చెట్టు చెట్టుకీ మనిషిని పెట్టాల్సిన పని లేదు, బట్టీ గేటు దగ్గర ఒక్క ఇన్‌స్పెక్టర్‌ చాలు.

1922లో అవే రంప కొండల్లో అల్లూరి సీతారామరాజు కల్లు మానమని, కోర్టులకు పోకుండా పంచాయితీలు పెట్టుకోమని చెబుతూ తిరిగాడు. నలభై మూడేళ్ల కిందట కల్లు హక్కు కోసం లేచినవాళ్ల మనవలు ఆ మాట విన్నారు. కల్లు దుకాణం ఆదాయం దొరల ఖజానాకు పోతోందన్న సంగతి తాతలకూ మనవలకూ తెలిసిందే. తాత ఒక దారిలో ఎదిరించాడు, మనవడు ఇంకో దారిలో.

మద్యనిషేధం వచ్చాక గీతగాడు ఇంకో ఇరకాటంలో పడ్డాడు. 1937లో రాజాజీ సేలంలో మొదలుపెట్టిన నిషేధం 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా పరచుకుంది. గోదావరి జిల్లాల్లో చెట్టెక్కే చేతులకు పని పోయింది. కొత్త ఆంధ్ర రాష్ట్రంలో దీన్ని సమీక్షించడానికి వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమంది. గౌతు లచ్చన్న గీతగాళ్ల తరఫున సత్యాగ్రహం నడిపాడు. ప్రకాశం పంతులు ఒప్పుకోలేదు. ఒకప్పుడు రాజమండ్రి మునిసిపల్‌ చైర్మన్‌గా గోదావరి ఒడ్డున రాజకీయం నేర్చిన మనిషి, 1954 నవంబరు 6న ఈ విషయం మీదే ఒక్క ఓటు తేడాతో ముఖ్యమంత్రి పదవి పోగొట్టుకున్నాడు. కల్లుకుండ ఎంత బరువో శాసనసభకు తెలిసిన రోజది.

నిషేధకాలంలో అందరూ మానేశారా అంటే, డెల్టా నడిబొడ్డున యానాం ఉండనే ఉంది. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ల పాలన. ఆ తర్వాత పుదుచ్చేరి ప్రభుత్వం. మద్రాసు చట్టం కానీ, హైదరాబాదు చట్టం కానీ అక్కడ చెల్లదు. ఇవతల గొంతెండితే అవతలికి పడవో బస్సో ఎక్కేవాళ్లు. అంత స్థోమత లేనివాడికి గోదావరి లంకల్లో నాటుసారా. నల్లబెల్లం, తుమ్మచెక్క, నవసారం వేసి బెల్లపు ఊట పెట్టి, గడ్డి దుబ్బుల చాటున పొయ్యి రాజేస్తారు. ఇంటి తయారీ కల్లుతో దీనికి పోలిక లేదు. కల్లు పులిసి చెడుతుంది, అంతే. నాటుసారా తాగినవాడి కళ్లు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల పోరుతో 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. 1995 జనవరి 16న ఎన్టీఆర్‌ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. యానాం దుకాణాల దగ్గర మళ్లీ సందడి. 1997లో నిషేధం సడలాక తిరిగొచ్చింది సారా కాదు, ఇంగ్లీషు మందు. విస్కీ, బ్రాందీ అని చీటీలుంటాయి గానీ అందులో చాలావరకు చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటే. రంగు, వాసన కలిపి స్కాచి వేషం వేయిస్తారు. నకలు తీయడం సౌతాంప్టన్‌ ఇంజనీరుకు వంటింటి సరదా. మన దగ్గర అదే వ్యాపారం, అదే ఖజానా.

కల్లు మాత్రం 1968 ఎక్సైజ్‌ చట్టం నీడలో సహకార సంఘాలకు, విడిగా గీతకార్మికులకు లైసెన్సుల మీద నడుస్తోంది. ఆఫీసులో వీటిని వరుసగా టి.సి.ఎస్‌., టి.ఎఫ్‌.టి. అంటారు. విడి లైసెన్సున్న మనిషికి ఫలానా ఇన్ని చెట్లు అని కేటాయిస్తారు. ఆ చెట్లు తప్ప, చేలో పక్కనే ఉన్న చెట్టైనా గీయకూడదు.