బడి మానేసిన వాళ్ల కోసం పెట్టిన యూనివర్సిటీ

పోయిన శుక్రవారం మా క్యాంపులో ఒక తమ్ముడికి ఫారం నింపుతూ కూర్చున్నాను. పేరు, పాస్‌పోర్టు నంబరు, అకామా గడువు అన్నీ రాశాక "చదువు" అనే గడి దగ్గర ఆగి "ఏం రాయమంటావురా?" అని అడిగాను. వాడు తల దించుకుని "ఏడో తరగతి అన్నా. అది రాయకుండా వదిలేస్తే కుదరదా?" అన్నాడు. ఇదే తమ్ముడు డ్రాయింగు చేతికిస్తే మూడంతస్తుల బిల్డింగుకు వైరింగు ఒక్కడే లాగేస్తాడు. ఫోర్‌మేన్‌కు అనుమానం వస్తే వీడినే పిలుస్తాడు. అయినా ఆ చిన్న గడి ముందు వాడి నోట మాట రాలేదు.

నేను మాత్రం ఏం గొప్ప? ఇంటర్ అయిపోయే ఏడు మా ఇంట్లో బోరు ఎండిపోయింది, అప్పు పెరిగింది, నేను టైపు నేర్చుకుని విమానం ఎక్కాను. ఆఫీసులో కుర్చీ దొరికింది కాబట్టి మీ ఫారాలు నింపుతున్నాను గానీ, ఆ గడి దగ్గర నా చెయ్యి కూడా ఆగుతుంది. మన క్యాంపుల్లో ఆగని వాళ్లు ఎంతమంది ఉంటారు?

అందుకే ఈ వారం ఒక పాత సంగతి రాయాలనిపించింది. ఇలాంటి వాళ్లు బయట ఎందుకు ఉండిపోయారు, వాళ్లను లోపలికి ఎలా తేవాలి అని మన తెలుగు నేల మీద కొందరు ప్రొఫెసర్లు ఆలోచించి, ఒక యూనివర్సిటీనే పెట్టారు. అది దేశంలోనే మొదటిది.

1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. జనం నోట్లో ఓపెన్ యూనివర్సిటీ. అప్పటి ముఖ్యమంత్రి భవనం వెంకట్రామిరెడ్డి. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో ముఖ్యమంత్రులు ఎంత తొందరగా మారేవాళ్లంటే, ఈ యూనివర్సిటీకి అయిదు నెలలు నిండేలోపు మూడో ముఖ్యమంత్రిగా ఎన్.టి.రామారావు వచ్చేశారు. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు మూసేయడం మనకు కొత్త కాదు కదా. ఇది మాత్రం మూతపడలేదు.

దాని మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి.రామిరెడ్డి. 1929లో కరీంనగర్ జిల్లా మైలారంలో పుట్టిన పల్లెటూరి మనిషి. ఉస్మానియాలో పాఠాలు చెప్పి, 1977 నుంచి 1982 దాకా అక్కడే వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. ఆయన చదివిందీ రాసిందీ ప్రభుత్వ పాలన గురించి, పంచాయతీరాజ్ గురించి. సర్కారు ఇచ్చేది పల్లెలో మనిషి దాకా ఎందుకు చేరదు, మధ్యలో ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఆయన వెతుకులాట. 1985లో ఆయనా, ప్రొఫెసర్ జి.హరగోపాల్ కలిసి ఒక వ్యాసం రాశారు. అది ఎవరి మీదో తెలుసా? పైరవీకారు మీద! ఆఫీసుకూ ఊరివాడికీ మధ్య నిలబడి, నీ పని నేను చేయిస్తా అని డబ్బులు తీసుకునే మనిషి మీద. ఇంగ్లీషు పత్రికలో అచ్చయిన వ్యాసం పేరులో కూడా 'పైరవీకార్' అన్న మన మాటనే ఉంచారు. వీసా కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగిన మనకు ఆ మనిషిని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. కాగితం అర్థం కానివాడి దగ్గరే పైరవీకారు బతుకుతాడు.

ఓపెన్ యూనివర్సిటీ రాకముందు ఇంటి దగ్గర ఉండి చదివే దారే లేదా అంటే, ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ 1962లోనే కరస్పాండెన్స్ కోర్సులు పెట్టింది. మన వైపు ఆంధ్రా యూనివర్సిటీ 1972లో, ఉస్మానియా 1977లో మొదలుపెట్టాయి. అయితే పోస్టులో పాఠాలు రావాలన్నా ముందు సర్టిఫికెట్ చూపించాలి. పది పాసయ్యావా, ఇంటర్ పాసయ్యావా అన్న ప్రశ్న అక్కడా ఉంది. అంటే కాలేజీ గేటును పోస్టు డబ్బాకు మార్చారు, అంతే. పది తప్పి గొర్రెలు కాసినవాడికి, పన్నెండేళ్లకు పెళ్లి చేసి పంపిన ఆడపిల్లకు, మేస్త్రీ వెంట కూలికి పోయినవాడికి ఆ గేటు అలాగే మూసి ఉంది.

ఓపెన్ యూనివర్సిటీ చేసిన పెద్ద పని ఈ ప్రశ్నను పక్కన పెట్టడం. నిర్ణీత వయసు నిండి, అర్హత పరీక్ష ఒకటి రాసి పాసైతే చాలు, డిగ్రీలో చేరవచ్చు అన్నారు. పది సర్టిఫికెట్ అడగలేదు, ఇంటర్ సర్టిఫికెట్ అడగలేదు. ఇన్నేళ్లు ఏం చేశావని నిలదీయలేదు. ఇప్పుడు ఏం చదవగలవో చూపించు అన్నారు, అంతే. అప్పట్లో ఇది ఎంత విపరీతమైన మాటో ఆలోచించండి. బడి గడప దాటనివాడు బి.ఏ. చదువుతాడట అని నవ్వినవాళ్లు ఉన్నారు. దాన్ని పోస్టు డిగ్రీ అని తీసిపారేసినవాళ్లు ఉన్నారు. ఆ నవ్వు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ఇంగ్లండులో 1963లో హెరాల్డ్ విల్సన్ అనే నాయకుడు రేడియో, టీవీల ద్వారా నడిచే యూనివర్సిటీ గురించి మాట్లాడాడు. ఆయన ప్రధాని అయ్యాక ఆ పనిని భుజాన వేసుకున్న మంత్రి జెన్నీ లీ అనే ఆవిడ. స్కాట్లండులో బొగ్గుగని కార్మికుడి కూతురు. కూలోళ్ల పిల్లలకు చవకరకం చదువు చాలులే అన్న ఆలోచన ఆమెకు నచ్చలేదు. ఇస్తే అందరికీ ఇచ్చే స్థాయి చదువే ఇవ్వాలని పట్టుబట్టింది. 1969లో ఓపెన్ యూనివర్సిటీకి అనుమతి వచ్చింది, 1971 జనవరిలో పాఠాలు మొదలయ్యాయి. మన దేశంలో 1974లో జి.పార్థసారథి అధ్యక్షతన కేంద్రం వేసిన బృందం మనకూ అలాంటిది కావాలని చెప్పింది. ఆ సిఫార్సు ఢిల్లీలో పదేళ్లు ఫైళ్లలో పడుకుంది. హైదరాబాదులో మాత్రం 1982లోనే పని మొదలైంది.

చట్టం చేయడం ఒక రోజు పని. అసలు కష్టం తర్వాత ప్రొఫెసర్ల మీద పడింది. అప్పటిదాకా వాళ్లకు తెలిసిన పాఠం వేరు. ముందు బెంచీల్లో పిల్లలు ఉంటారు, అర్థం కాకపోతే చెయ్యి ఎత్తుతారు, అయ్యవారు ఇంకోసారి చెబుతాడు. ఇప్పుడు చదివేవాడు ఎక్కడో పల్లెలో, పని ముగించుకుని, రాత్రి పది గంటలకు పుస్తకం తెరుస్తాడు. పక్కన అడగడానికి ఎవరూ ఉండరు. కాబట్టి పుస్తకమే అయ్యవారు కావాలి. పాఠం మొదట్లో ఇందులో ఏం నేర్చుకుంటావో చెప్పాలి, మధ్యలో ఆపి ఇంతవరకు అర్థమైందో లేదో నువ్వే చూసుకో అని ప్రశ్న వెయ్యాలి, జవాబు చివర్లో ఇవ్వాలి. అదీ తెలుగులో! అర్థశాస్త్రం, రాజనీతి, పాలన... పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలకు మామూలు మనిషికి తెలిసే మాటలు వెతకాలి. ఒకరు రాస్తే ఇంకొకరు దిద్దాలి. ప్రొఫెసరు రాసిన దాన్ని ఇది అర్థం కావడం లేదండీ అని వెనక్కి పంపడం మన కాలేజీల్లో ఎక్కడన్నా విన్నామా?

ఆ పుస్తకాలకు దక్కిన గౌరవం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గ్రూప్ వన్, గ్రూప్ టూ పరీక్షలకు తెలుగు మీడియంలో తయారయ్యే పిల్లలు తెలుగు అకాడమీ పుస్తకాలతో పాటు ఈ ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలనే వెతికి కొనుక్కునేవారు. బడి మానేసినవాడికి అర్థం కావాలని రాసిన పుస్తకం రెగ్యులర్ కాలేజీ పిల్లలకే దారి చూపింది.

తరగతులు ఎప్పుడు పెట్టాలన్నది ఇంకో చిక్కు. ఎక్కడికక్కడ ఉన్న ప్రభుత్వ కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టారు. వారమంతా ఆ బెంచీల్లో రెగ్యులర్ పిల్లలు, సెలవు రోజున వీళ్లు. అక్కడి లెక్చరర్లే ఆదివారం వచ్చి సందేహాలు తీర్చేవారు. రేడియోలో పాఠాలు వచ్చేవి.

మా మేనమామ ఆర్టీసీలో కండక్టరు. పది తప్పినవాడు. నా చిన్నప్పుడు, 1996, 97 ప్రాంతంలో ఆయన ఆదివారం డ్యూటీ మార్పించుకుని మా టౌను డిగ్రీ కాలేజీకి పోయేవాడు. టికెట్ల సంచిలోనే పుస్తకం. నైట్ హాల్టు ఊళ్లో బస్సు ఆగితే లోపలి లైటు వేసుకుని చదివేవాడట. డ్రైవరు మాత్రం బ్యాటరీ దిగిపోతుందిరా అని తిట్టేవాడట. ఆయన పక్క బెంచీలో ఎవరు ఉండేవాళ్లని అడిగితే ఒక నర్సమ్మ, ఒక హోంగార్డు, పెళ్లీడుకు వచ్చిన కూతురుతో పాటు వచ్చే ఒకావిడ అని చెప్పాడు. తల్లీ కూతురూ ఒకే క్లాసు! ఇంగ్లీషు పేపరు మామను మూడుసార్లు పడగొట్టింది. మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్లు పట్టింది. పాసయ్యాక జీతం పైసా పెరగలేదు, ఆ మాట ఆయనే నవ్వుతూ చెబుతాడు. ఊళ్లో మాత్రం పింఛను కాగితం వచ్చినా, బ్యాంకు నోటీసు వచ్చినా మామ దగ్గరికే తెచ్చేవాళ్లు. అంతకుముందు అదే పనికి ఒకాయన వంద రూపాయలు పుచ్చుకునేవాడు. ఆ మనిషి మామతో చాలా కాలం మాట్లాడలేదు.

1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నో, పెడితే దానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా పిలిచింది కూడా రామిరెడ్డి గారినే. అది 1987లో రెండు డిప్లొమాలతో, 4,528 మందితో మొదలైంది. 1991లో ఆయన దేశంలోని యూనివర్సిటీలన్నిటికీ పెద్ద అయిన యూజీసీకి చైర్మన్ అయ్యారు. అదే ఏడు హైదరాబాదు యూనివర్సిటీకి డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టారు. అంబేద్కర్ శతజయంతి సంవత్సరం అది. తరగతి గదిలో వేరుగా గోనెపట్టా మీద కూర్చుని చదివిన మనిషి పేరు, గదే అక్కర్లేని యూనివర్సిటీకి. 1995 మార్చి 1న కేంద్రం ఒక ప్రకటన ఇచ్చింది. గుర్తింపు పొందిన దూరవిద్య డిగ్రీలు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు చెల్లుతాయి అని. అదే ఏడాది రామిరెడ్డి గారు చనిపోయారు. ఉస్మానియాలో దూరవిద్య కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

అంతా బాగుందని నేను చెప్పను. చేరినవాళ్లందరూ పూర్తి చేయలేదు. చాలామంది మొదటి ఏడే ఆగిపోయారు. పగలంతా ఎండలో పనిచేసి రాత్రి చదవడం అందరివల్లా అవుతుందా? స్టడీ సెంటరు టౌనులో ఉంటే పల్లె ఆడమనిషికి ఆదివారం బస్సెక్కి రావడానికి ఇంట్లో ఒప్పుకోవాలి, పిల్లల్ని ఎవరో చూసుకోవాలి. ఉద్యోగం ఇచ్చేవాడు రెగ్యులరా, దూరవిద్యా అని అడుగుతూనే ఉన్నాడు. ఈ మధ్య నిబంధనలూ మారుతూ వచ్చాయి. ఎవరైనా ఇప్పుడు చేరాలనుకుంటే ఆ కోర్సుకు యూజీసీ అనుమతి ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఇంట్లో కూర్చోబెట్టి డిగ్రీ ఇప్పిస్తాం అని ఫోన్ చేసేవాళ్లు వేరే రకం. వాళ్లూ పైరవీకార్లే.

ఇక మనం ఉంటున్న దేశం సంగతి. కువైట్ యూనివర్సిటీ 1966లో మొదలైంది. దాని ప్రహరీ పక్కన మనలో చాలామంది పైపులు వేసి ఉంటారు. ఇంకొకటి ఉంది, అర్దియా వైపు పోయినవాళ్లు బోర్డు చూసే ఉంటారు: అరబ్ ఓపెన్ యూనివర్సిటీ. సౌదీ యువరాజు తలాల్ బిన్ అబ్దుల్ అజీజ్ 1996లో ఈ ఆలోచన బయటపెట్టారు. 2002లో పాఠాలు మొదలయ్యాయి. జోర్డాన్, లెబనాన్, సౌదీ, ఈజిప్టు, బహ్రెయిన్, ఒమన్‌లలో కూడా శాఖలు ఉన్నాయి గానీ ప్రధాన కార్యాలయం ఇక్కడే, కువైట్‌లో. పాఠాలకు తోడు ఇచ్చింది ఆ ఇంగ్లండు ఓపెన్ యూనివర్సిటీయే. బొగ్గుగని కార్మికుడి కూతురు పట్టుబట్టి పెట్టించినదానికి ఒక కొమ్మ మన హైదరాబాదులో, ఇంకో కొమ్మ మనం రోజూ బస్సులో దాటిపోయే రోడ్డు మీద. అయితే ఇక్కడ చేరాలంటే హైస్కూలు సర్టిఫికెట్ కావాలి, ఫీజు దీనార్లలో కట్టాలి. మన ఏడో తరగతి తమ్ముడికి ఆ బోర్డు మీద 'ఓపెన్' అన్న మాట దూరం నుంచి చదువుకోవడానికే.

ఈ కథంతా ఆ శుక్రవారం వాడికి చెప్పాను. కొంత విన్నాడు, కొంత ఫోన్ చూసుకున్నాడు. గడిలో చివరికి ఉన్నదే రాశాం: ఏడో తరగతి. సంతకం పెట్టి, ఫారం మడిచి జేబులో పెట్టుకుని గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "అన్నా, మీ మామ పుస్తకాలు ఇంకా ఉండాయా?" అన్నాడు.

ఉన్నాయో, మా అత్త పాత పేపర్ల వాడికి వేసేసిందో తెలియదు. ఈ శుక్రవారం ఊరికి ఫోన్ చేసినప్పుడు అడగాలి.