ఓటడిగిన న్యాయమూర్తి

1967 ఏప్రిల్ 11న భారత ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు పదవికి రాజీనామా ఇచ్చారు. ఇంకో మూడు నెలలు ఓపిక పడితే అరవై అయిదేళ్లు నిండి, పూలదండలు వేయించుకుని సగౌరవంగా ఇంటికి పోయేవారు. ఆగలేదు. రాష్ట్రపతి ఎన్నికల్లో ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా నిలబడ్డారు.

రాజమండ్రిలో పుట్టిన మనిషి. తొలినాళ్లలో బాపట్లలో కొద్దికాలం జిల్లా మున్సిఫుగా పనిచేశారు. తర్వాత మద్రాసులో వకీలుగా పేరు తెచ్చుకున్నారు, 1948లో అక్కడే హైకోర్టు జడ్జి అయ్యారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తెరిచినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956 నవంబరులో తెలంగాణ కలిసి, హైకోర్టు మూసీ ఒడ్డుకు చేరాక మన కరీంనగర్ కోర్టులకూ ఆయనే పెద్దదిక్కు. ఉర్దూ వాదనలకు అలవాటుపడ్డ మన వకీళ్లకు మద్రాసు పద్ధతుల పెద్దజడ్జి వచ్చాడన్నమాట.

1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆయన్ని తలుచుకోవాలంటే ఖడక్ సింగ్ కేసు చాలు. పోలీసులు ఒక మనిషి కదలికలపై నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపు కొట్టే హక్కు తమకుందన్నారు. 1962లో మెజారిటీ జడ్జీలు తలుపు కొట్టడం తప్పన్నారే గాని, ఏకాంతం ప్రాథమిక హక్కు కాదన్నారు. వెనక ఎవడో నీడలా నడుస్తుంటే ఆ మనిషికి స్వేచ్ఛ ఎక్కడిదని సుబ్బారావు విడిగా రాశారు. 2017లో తొమ్మిదిమంది జడ్జీలు ఆయన మాటే సరైందన్నారు. వినడానికి ఆయన లేరు.

1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు సవరణతోనైనా తీసేయలేదని ఆరుగురు, తీసేయవచ్చని అయిదుగురు. కేసు జలంధర్‌లో 500 ఎకరాలు గల కుటుంబానిది. మన వైపు నుంచి చూస్తే ఆ తీర్పు అంత ముచ్చటైనదేమీ కాదు. దొరల గడీలు నిలిచి ఉన్న పల్లెల్లో ఆస్తి హక్కు అంటే ఎవరి హక్కో చెప్పనక్కర్లేదు. అయితే సుబ్బారావు ఒక మెలిక పెట్టారు: తీర్పు ఇకముందు సవరణలకే వర్తిస్తుంది, పాత భూసంస్కరణలు కదలవు. గెలిచిన వాదనతోనే గోలక్‌నాథ్ కుటుంబం భూమి పోగొట్టుకుంది.

ఆ తీర్పు సిరా ఆరకముందే, ఆరు వారాల్లో, ఆయన అభ్యర్థి. ఇందిరాగాంధీ ప్రభుత్వాన్ని కట్టడి చేసిన తీర్పుకు ప్రతిపక్షాలు ఇచ్చిన బహుమానమా ఇది? అనడానికి ఆధారం ఏమీ లేదు. అడక్కుండా ఉండడానికి మాత్రం ఆయన వీలివ్వలేదు. ఎవరి ఓటూ అక్కర్లేకపోవడమే జడ్జికి ఉన్న ఆస్తి. దాన్ని ఆయన తన చేతులతోనే ధారపోశారు.

ఓటర్లు ఎన్నికైన పార్లమెంటు సభ్యులు, రాష్ట్రాల శాసనసభ్యులు. మంథని నుంచి పి.వి. నరసింహారావుతో సహా కరీంనగర్ జిల్లా ఎమ్మెల్యేలందరికీ ఓటుంది. 287 స్థానాల ఆంధ్రప్రదేశ్ సభలో కాంగ్రెస్‌వి 165. సొంత రాష్ట్రంలోనే లెక్క ఎదురు తిరిగి ఉంది. పైగా ప్రత్యర్థి జాకిర్ హుసేన్ హైదరాబాద్‌లో పుట్టినవాడు.

మే 6న పోలింగ్. జాకిర్ హుసేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971. మరీ చిత్తుగా ఓడలేదు. అదే మరింత బాధ. కొత్త రాష్ట్రపతి చేత ప్రమాణం చేయించింది కొత్త ప్రధాన న్యాయమూర్తి వాంఛూ. గోలక్‌నాథ్‌లో సుబ్బారావుకు ఎదురు తీర్పు రాసిందీ ఆయనే.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు గోలక్‌నాథ్‌ను కొట్టేసింది. పార్లమెంటు అధికారానికి హద్దు ఉందన్న మూలసూత్రాన్ని మాత్రం వేరే పేరుతో నిలబెట్టింది. ఆయన ఆలోచన బతికింది, ఆయన తీర్పు పోయింది.

1976లో ఎమర్జెన్సీ నడుస్తోంది. జైల్లో పెట్టిన మనిషికి తన స్వేచ్ఛ కోసం కోర్టు గడప ఎక్కే హక్కు లేదని ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు చెప్పింది. ఎనిమిది రోజులకు, మే 6న, తొమ్మిదేళ్ల కిందట పోలింగ్ జరిగిన తేదీనే, సుబ్బారావు కన్నుమూశారు.